శ్రీకాకుళం, విజయనగరం కాలేజీల నుంచి అంతర్జాతీయ డిబేట్ పోటీకి జట్టును ఎలా తీసుకెళ్లాలి

విదేశంలో జరిగే డిబేట్ పోటీలో జట్టు అన్ని రౌండ్లూ ఓడిపోయినా ఏదో ఒకటి నేర్చుకునే వస్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు తేడా పడి వీసా ఆగిపోతే మాత్రం ఒక్క రౌండు కూడా మాట్లాడకుండానే ఆ ఏడాది పోతుంది. మన రెండు జిల్లాల్లో బాగా మాట్లాడే పిల్లలకు కొదవ లేదు. వాళ్లు సాధన చాలక ఆగిపోయే సందర్భాల కంటే కాగితాలు, తేదీలు, డబ్బు దగ్గర ఆగిపోయే సందర్భాలే ఎక్కువ. అందుకే ఏ పని ముందు మొదలుపెట్టాలో ఆ వరుసలోనే ఇక్కడ రాస్తున్నాం. చదివేది జట్టు కెప్టెన్ అయినా, బాధ్యత తీసుకున్న లెక్చరర్ అయినా ఇదే వరుసలో వెళ్లండి.

ముందు పోటీ ఏదో తేల్చుకోండి

పోటీని బట్టి పద్ధతి మారుతుంది, పద్ధతిని బట్టి ఎంతమంది వెళ్లాలో మారుతుంది, దాన్ని బట్టి ఖర్చు మారుతుంది. కాలేజీ స్థాయిలో అన్నిటికంటే పెద్దది ప్రపంచ విశ్వవిద్యాలయాల డిబేటింగ్ ఛాంపియన్‌షిప్. అందరూ దాన్ని డబ్ల్యూయూడీసీ అంటారు, లేదా 'వరల్డ్స్' అంటారు. 1981లో గ్లాస్గోలో మొదలైంది, 2014లో మన చెన్నైలోనే జరిగింది. దీంట్లో బ్రిటిష్ పార్లమెంటరీ పద్ధతి, అంటే బీపీ. ఒక గదిలో నాలుగు జట్లు, జట్టుకు ఇద్దరు, ఒక్కొక్కరికి 7 నిమిషాలు. ఆసియా పార్లమెంటరీ పద్ధతిలో ఆడే పోటీలైతే రెండే జట్లు, జట్టుకు ముగ్గురు, చివర్లో చిన్న రిప్లై ప్రసంగం కూడా ఉంటుంది.

మొదటిసారి వెళ్లే కాలేజీకి బీపీ పోటీయే చవక. ఇద్దరు వక్తలతో జట్టు తయారవుతుంది. అయితే జడ్జీల లెక్క మర్చిపోవద్దు. చాలా పోటీల్లో 'ఎన్ మైనస్ ఒకటి' అనే నియమం ఉంటుంది: రెండు జట్లు పంపితే ఒక జడ్జిని మీరే తీసుకెళ్లాలి, మూడు జట్లైతే ఇద్దర్ని. కొన్ని పోటీలు జట్టుకో జడ్జిని అడుగుతాయి. ఈ సంగతి చూసుకోకుండా రెండు జట్లకు డబ్బు కట్టిన కాలేజీ ఆఖరి నిమిషంలో జడ్జి కోసం పరుగులు పెట్టాల్సి వస్తుంది. జడ్జిగా లెక్చరరే రావాలని లేదు. డిబేట్ బాగా తెలిసిన సీనియర్ విద్యార్థి రావచ్చు, నిజానికి అదే మంచిది. గదిలో నాలుగు జట్లను 1 నుంచి 4 వరకు ర్యాంకు చేసి, ఎందుకలా చేశారో పది నిమిషాలు వివరించగలగాలి. ఆ పని అలవాటు లేనివాళ్లకు కష్టం.

తేదీ నుంచి వెనక్కి లెక్కేయండి

వరల్డ్స్ మామూలుగా డిసెంబరు 27, 28 ప్రాంతంలో మొదలై జనవరి 3, 4 తేదీల దాకా నడుస్తుంది. దాన్నే ఉదాహరణగా తీసుకుందాం. జూన్‌లో కాలేజీ తెరవగానే జట్టు ఎంపిక అయిపోవాలి. జులైలో ప్రతి ఒక్కరి చేతిలో పాస్‌పోర్టు ఉందో లేదో చూసి, లేనివాళ్ల చేత దరఖాస్తు పెట్టించాలి. రిజిస్ట్రేషన్ ఎప్పుడు తెరుస్తారో పోటీ వెబ్‌సైటు రెండు మూడు రోజులకోసారి చూస్తుండాలి. స్థానాలు తక్కువ, తెరిచిన మొదటి గంటల్లోనే నిండిపోయే సందర్భాలుంటాయి. ఫారం నింపడానికి కావలసిన కాలేజీ పేరు స్పెల్లింగు, బాధ్యుల మెయిలు, పాస్‌పోర్టు వివరాలు ముందే ఒక ఫైల్లో రాసి పెట్టుకోండి. విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం అయ్యే రోజులకు వీసా ఫైలు తయారై ఉండాలి. నవంబరు మొదటి వారంలో తిరుగు ప్రయాణపు రైలు టికెట్లు తీయాలి, ఎందుకో కింద చెప్తాం.

ఇంకో మాట. సెమిస్టర్ పరీక్షలు, మిడ్ పరీక్షలు ఈ తేదీల్లో పడతాయేమో ఆగస్టులోనే పరీక్షల విభాగాన్ని అడిగి, హాజరు మినహాయింపు ఉత్తరం సంతకంతో సహా తీసుకోండి. నోటిమాటగా ఇచ్చిన అనుమతి డిసెంబరు నాటికి ఎవరికీ గుర్తుండదు.

పాస్‌పోర్టు: ఇంటిపేరు దగ్గరే అసలు చిక్కు

పాస్‌పోర్ట్ సేవ వెబ్‌సైట్లో విశాఖపట్నం ప్రాంతీయ కార్యాలయాన్ని ఎంచుకుంటే దగ్గర్లో ఉన్న కేంద్రాలు, ఖాళీగా ఉన్న తేదీలు చూపిస్తుంది. పెద్దవాళ్లకు 36 పేజీల పాస్‌పోర్టు ఫీజు 1500 రూపాయలు, తత్కాల్ కావాలంటే దానిమీద ఇంకో 2000. పదో తరగతి సర్టిఫికెట్ ఒరిజినల్ తప్పకుండా పట్టుకెళ్లండి. పుట్టిన తేదీకీ, పేరుకూ, ఈసీఆర్ (కొన్ని దేశాలకు పనికి వెళ్లేముందు ఇమిగ్రేషన్ అనుమతి తీసుకోవాలనే) ముద్ర పడకుండా ఉండటానికీ అదే ఆధారం.

దరఖాస్తులో 'సర్‌నేమ్', 'గివెన్ నేమ్' అని రెండు గడులుంటాయి. మన పిల్లల కాగితాలు ఎలా ఉంటాయో తెలుసుగా: పదో తరగతిలో 'గొర్లె పైడిరాజు', ఆధార్‌లో 'జి పైడి రాజు', కాలేజీ ఐడీ కార్డులో 'పైడిరాజు జి'. మూడూ ఒకే మనిషివని మనకు తెలుసు, వీసా ఆఫీసులో కంప్యూటరుకు తెలియదు. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు పూర్తిగా ఉంటే దాన్నే ప్రమాణంగా తీసుకుని, ముందు ఆధార్ సరిచేయించి, ఆ తర్వాతే పాస్‌పోర్టుకు వెళ్లండి. ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో, మిగతాది గివెన్ నేమ్ గడిలో, పొడి అక్షరాలు లేకుండా రాయండి. సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేస్తే పాస్‌పోర్టు రావడానికి వస్తుంది కానీ తర్వాత కష్టం. ఒకే పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్ల విషయంలో యూఏఈ 2022 నవంబరు నుంచి ఆంక్షలు పెట్టింది. పోటీ రిజిస్ట్రేషన్‌లో, విమాన టికెట్‌లో, ఇన్సూరెన్సులో కూడా పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలే, అదే వరుసలో పడాలి.

పోలీసు వెరిఫికేషన్ దరఖాస్తులో ఇచ్చిన చిరునామాకే వస్తుంది. హాస్టల్లో ఉండే కుర్రాడు ఊళ్లో చిరునామా ఇచ్చి, స్టేషన్ నుంచి ఫోనొస్తే ఎత్తకపోతే, ఫైలు అక్కడే ఉండిపోతుంది. కొత్త నంబర్ల నుంచి వచ్చే ఫోన్లు ఆ నెల రోజులూ వదలకుండా ఎత్తమని చెప్పండి.

పాస్‌పోర్టు ఇప్పటికే ఉన్నవాళ్లు గడువు చూసుకోండి. తిరిగొచ్చే తేదీ తర్వాత కూడా ఆరు నెలలు మిగిలి ఉంటే ఏ దేశానికైనా ఇబ్బంది ఉండదు. కనీసం రెండు పేజీలు ఖాళీగా ఉండాలి.

వీసా

దేశాన్ని బట్టి నియమాలు మారతాయి, ఏడాదిలోనే రెండుసార్లు మారిన దేశాలున్నాయి. ఆ దేశ రాయబార కార్యాలయం వెబ్‌సైటు ఒక్కటే నమ్మండి. వీసా అక్కర్లేదన్న దేశాల్లోనూ ముందుగా నింపాల్సిన ఆన్‌లైన్ అరైవల్ కార్డు ఉండొచ్చు. మలేషియా, థాయిలాండ్ రెండిటికీ ఉంది.

యూరప్‌లో షెంగెన్ దేశమైతే (ఒకే ఉమ్మడి వీసా ఇచ్చే దేశాల కూటమి అది) దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, ఆఖరు గడువు 15 రోజుల ముందు. ఆ ఆఖరు గడువును నమ్ముకోకండి, అపాయింట్‌మెంట్లే వారాల తరబడి దొరకవు. ఫీజు పెద్దవాళ్లకు 90 యూరోలు, దాంతోపాటు దరఖాస్తు కేంద్రం సర్వీసు చార్జీ. ప్రయాణ ఇన్సూరెన్సు కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు ఉండాలి. ఫొటో 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల ఎత్తు. స్టూడియోలో ఈ కొలత చెప్పండి, 'పాస్‌పోర్టు సైజు' అంటే వాళ్లకు అలవాటైన సైజు ఇచ్చేస్తారు. వేలిముద్రలకు మనిషి స్వయంగా వెళ్లాలి. చాలా దేశాలకు హైదరాబాదో చెన్నైయో వెళ్లాల్సి ఉంటుంది కాబట్టి జట్టంతా ఒకే రోజు అపాయింట్‌మెంట్ తీసుకుంటే ప్రయాణం కలిసొస్తుంది.

ఫైల్లో పెట్టాల్సినవి: పోటీ నిర్వాహకులు ఇచ్చిన ఆహ్వాన పత్రం, కాలేజీ బోనఫైడ్, తిరిగి వచ్చి చదువు కొనసాగిస్తాడని ప్రిన్సిపాల్ ఉత్తరం, ఖర్చు ఎవరు పెడుతున్నారో చెప్పే ఉత్తరం, వాళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు, బస వివరం, రానుపోను విమాన రిజర్వేషన్. ఇక్కడ రైతు కుటుంబాలకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. తండ్రికి ఆదాయపు పన్ను రిటర్నులు ఉండవు, బ్యాంకులో ఎప్పుడూ పెద్ద మొత్తం ఉండదు. అందుకని ఎవరి దగ్గరో రెండు లక్షలు తెచ్చి దరఖాస్తుకు వారం ముందు ఖాతాలో వేస్తారు. వీసా అధికారి మొదట చూసేది అదే, ఆరు నెలల స్టేట్‌మెంటులో ఆ ఒక్క జమ ఎర్రగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దానికి బదులు కాలేజీయే ఖర్చు భరిస్తున్నట్టు ఉత్తరం ఇచ్చి, కాలేజీ ఖాతా స్టేట్‌మెంటు జతచేయడం మేలు. దాంతోపాటు తహసీల్దారు ఆదాయ ధ్రువపత్రం, పట్టాదారు పాస్‌బుక్ నకలు పెట్టండి. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లీషు అనువాదం నోటరీతో ఉండాలి.

వీసా చేతికి రాకముందు డబ్బు వాపసు రాని టికెట్ కొనకండి. మధ్యలో విమానం మారాల్సి ఉంటే రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్, అంటే ఒకే బుకింగ్ నంబరు, మీద ఉండాలి. రెండు టికెట్లు విడివిడిగా కొంటే మధ్యలో దిగి, సామాను తీసుకుని, మళ్లీ చెకిన్ చేయాలి. దానికి ఆ మధ్య దేశపు వీసా కావాల్సి రావచ్చు. నాలుగు వేలు మిగుల్చుకుందామని చేసిన పని కౌంటరు దగ్గరే ప్రయాణాన్ని ఆపేస్తుంది.

డబ్బు ఎక్కడి నుంచి

ఖర్చుల పట్టిక వేసేటప్పుడు రిజిస్ట్రేషన్ ఫీజు, విమానం, వీసా, ఇన్సూరెన్సు, వీసా కోసం హైదరాబాద్ ప్రయాణం, విశాఖ దాకా బండి, రోజు ఖర్చు, బట్టలు అన్నీ రాసి, మొత్తం మీద ఇంకో 15 శాతం కలపండి. రిజిస్ట్రేషన్ ఫీజులో బస, భోజనం కలిసి ఉంటాయో లేదో చదవండి. చాలా పోటీల్లో ఉంటాయి, కానీ పోటీ రోజులకు మాత్రమే. ముందు రోజు దిగితే ఆ రాత్రి మీదే.

సాయం అడగడానికి పైడిభీమవరం వైపు మందుల కంపెనీలకు వెళ్లే కాలేజీలు మొదట సీఎస్ఆర్ నిధులు, అంటే సామాజిక బాధ్యత కింద కంపెనీలు ఖర్చు పెట్టే డబ్బు, అడుగుతాయి. అక్కడ ఒక నియమం తెలిసి ఉండాలి. దేశం బయట జరిగే కార్యక్రమానికి సీఎస్ఆర్ లెక్కలో ఖర్చు చూపించడానికి కంపెనీలకు వీల్లేదు, భారత క్రీడాకారుల శిక్షణ ఒక్కటే మినహాయింపు. డిబేట్ అందులోకి రాదు. కాబట్టి విమాన టికెట్లు అడగొద్దు. మీ కాలేజీలో జరిగే శిక్షణ శిబిరానికి, చుట్టుపక్కల కాలేజీల పిల్లల్ని కూడా పిలిచి నేర్పించే కార్యక్రమానికి అడగండి. ప్రయాణానికి ప్రచార ఖర్చు కింద స్పాన్సర్‌షిప్ ఇస్తారేమో విడిగా అడగండి. పూర్వ విద్యార్థులు ఇచ్చే డబ్బులోనూ జాగ్రత్త ఉంది. భారత పౌరసత్వం ఉన్న ఎన్నారై తన సంపాదన నుంచి ఇస్తే పర్వాలేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు కాలేజీ ఖాతాకు పంపితే అది విదేశీ విరాళం, ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద నమోదు లేని కాలేజీ తీసుకోకూడదు.

చేతి ఖర్చుకు ముందే విదేశీ కరెన్సీ నింపుకునే ఫారెక్స్ కార్డు ఒకటి, దాంతోపాటు కొంచెం నోట్లు. విదేశీ కరెన్సీ నోట్లు ఒక్కో ప్రయాణానికి 3000 డాలర్ల విలువ వరకే తీసుకోవచ్చు. మన రూపాయలైతే మనిషికి 25,000 వరకు. మామూలు డెబిట్ కార్డు కూడా వెంట ఉంచుకోండి, బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకం ముందే ఆన్ చేసుకుని. అక్కడి మెషీన్ 'రూపాయల్లో కట్టమంటారా, స్థానిక కరెన్సీలోనా' అని అడిగితే స్థానిక కరెన్సీయే నొక్కండి. రూపాయలంటే మెషీన్ వాళ్ల సొంత రేటు వేసి ఎక్కువ లాగుతారు. ఫోన్‌పే, గూగుల్‌పే మీద ఆధారపడకండి. బ్యాంకు ఓటీపీలు మన సిమ్‌కే వస్తాయి కాబట్టి బయల్దేరే ముందే రోమింగ్‌లో మెసేజీలు వచ్చేలా చూసుకోండి.

సాధన: ఆరు నెలలు ఎలా గడపాలి

బీపీలో మోషన్, అంటే వాదించాల్సిన అంశం, ప్రకటించాక సిద్ధం కావడానికి 15 నిమిషాలు ఇస్తారు. ఫోనూ ల్యాప్‌టాపూ వాడకూడదు, కోచ్‌తో మాట్లాడకూడదు. వరల్డ్స్‌లో అచ్చు వేసిన కాగితాలు వాడొచ్చు. ఈ 15 నిమిషాల్లో గదికి నడిచే సమయం కూడా కలిసి ఉంటుందని చాలామంది అక్కడికి వెళ్లాకే తెలుసుకుంటారు. పెద్ద క్యాంపస్‌లో ఆడిటోరియం నుంచి గదికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. కాబట్టి కాలేజీలోనే అలా సాధన చేయండి: మోషన్ ఒక బ్లాకులో చెప్పి, డిబేట్ ఇంకో బ్లాకు మూడో అంతస్తులో పెట్టండి. మొదటి రెండు నిమిషాలు ఇద్దరూ మాట్లాడకుండా ఎవరి కాగితం మీద వాళ్లు రాసుకోవాలి. తర్వాత నడుస్తూ మాట్లాడుకుంటూ రెండు వాదనలు తేల్చాలి. గదిలో కూర్చున్నాక ఐదు నిమిషాలు రాయడం, ఆఖరి మూడు నిమిషాలు అవతలి పక్షం ఏం చెప్పొచ్చో ఊహించడం. ఆ ఆఖరి మూడు నిమిషాలు వదిలేసే జట్లే ఎక్కువ ఓడిపోతాయి.

ఇద్దరూ తెలుగులో మాట్లాడుకోవచ్చు, ఏ నియమమూ అడ్డు రాదు. నిజానికి అలాగే చేయండి. ఆలోచన తెలుగులో వేగంగా నడుస్తుంది. కాగితం మీద మాత్రం వాదన పేరు, కారణం, ఉదాహరణ మూడూ ఇంగ్లీషు ముక్కల్లో రాసుకోండి. పూర్తి వాక్యాలు రాస్తే చదవడం మొదలుపెడతారు, చదివితే కళ్లు పైకి లేవవు.

యాస గురించి భయం వద్దు. యాసకు మార్కులు తగ్గించకూడదని జడ్జీలకు స్పష్టంగా చెప్తారు. మన పిల్లల ఇబ్బంది యాస కాదు, వేగం. ఏడు నిమిషాల్లో అన్నీ చెప్పేయాలన్న తొందరలో వాక్యం చివర్లు మింగేస్తారు. ప్రసంగం ఫోనులో రికార్డు చేసి, తెలుగు రాని ఎవరికైనా, ఉదాహరణకు కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయంలో చదివే వేరే రాష్ట్రపు స్నేహితుడికి, పంపండి. ఎక్కడ అర్థం కాలేదో నిమిషం, సెకను రాయమనండి. ఆ చోట్లే మళ్లీ మాట్లాడాలి.

పాయింట్ ఆఫ్ ఇన్ఫర్మేషన్, అంటే పీఓఐ, వక్త మొదటి నిమిషం, ఆఖరి నిమిషం తప్ప మిగతా సమయంలో అవతలి పక్షం వాళ్లు లేచి అడిగే ప్రశ్న. 15 సెకన్లకు మించకూడదు. కూర్చుని ఉన్నప్పుడు ప్రతి ప్రసంగంలోనూ కనీసం రెండుసార్లు లేవండి, మాట్లాడేటప్పుడు ఒకటి తీసుకోండి. మన దగ్గర పెద్దల మాటకు అడ్డు తగలకూడదని పెరిగిన పిల్లలు లేవడానికి మొహమాటపడతారు. ఈ ఒక్కదానికే వారంలో ఒక పూట కేటాయించండి: ఒకరు మాట్లాడుతుంటే మిగతా ముగ్గురూ లేవడమే పని.

లెక్క కూడా తెలిసి ఉండాలి. గదిలో మొదటి స్థానానికి 3 పాయింట్లు, తర్వాత 2, 1, సున్నా. వరల్డ్స్‌లో తొమ్మిది రౌండ్లు. ప్రతి గదిలో రెండో స్థానం తెచ్చుకుంటే 18 వస్తాయి, చాలా ఏళ్లలో 48 జట్ల ఓపెన్ బ్రేక్‌కు, అంటే అందరికీ తెరిచి ఉన్న విభాగంలో నాకౌట్ రౌండ్లకు చేరడానికి, అది సరిపోయింది. ఇంగ్లీషు రెండో భాషగా ఉన్నవాళ్లకు ఈఎస్ఎల్, అసలు పరాయి భాష అయినవాళ్లకు ఈఎఫ్ఎల్ అని వేరే విభాగాలుంటాయి, వాటి బ్రేక్ ఇంకా తక్కువకే వస్తుంది. దానికి దరఖాస్తు రిజిస్ట్రేషన్ ఫారంలోనే ఉంటుంది. ఎన్నేళ్లు ఏ మీడియంలో చదివారు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అని అడుగుతారు. ఉన్నదున్నట్టు రాయండి. ఆ గడి నింపకుండా వదిలేసి, ఆ అవకాశం పోగొట్టుకునే జట్లు ఉంటాయి.

మోషన్లు ప్రపంచ రాజకీయాలు, ఆర్థికం, న్యాయం, స్త్రీవాదం, సాంకేతికత, కళలు ఇలా ఎక్కడి నుంచైనా వస్తాయి. ఇద్దరూ అంశాలు పంచుకోండి. వారానికి ఐదు అంశాల మీద ఒక్కో అరపేజీ రాయండి: ఏం జరిగింది, ఎవరికి లాభం, ఎవరికి నష్టం, ఎందుకు. ఆరు నెలల్లో వందకు పైగా అరపేజీలవుతాయి. వాటిని అచ్చు వేయించి అంశాల వారీగా ఫైలు చేస్తే అదే మీ పుస్తకం.

మన ప్రాంతపు ఉదాహరణలు వాడుకోవడం నేర్చుకోండి, మిగతా జట్లకు లేని బలం అది. కానీ ఎలా చెప్తారన్నదే ముఖ్యం. 'మా ఉద్దానంలో చాలామందికి కిడ్నీ జబ్బులు' అంటే జడ్జికి ఏమీ అందదు. మోషన్ వైద్య పరిశోధన నిధుల మీద అనుకుందాం. ఇలా చెప్పి చూడండి: భారతదేశపు తూర్పు తీరంలో ఉద్దానం అనే ప్రాంతం ఉంది, కవిటి, సోంపేట లాంటి మండలాల్లో షుగరూ బీపీ లేని వ్యవసాయ కూలీలకు కూడా మూత్రపిండాలు పాడవుతున్నాయి, కారణం ఇదీ అని ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. ఇదే తీరు శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, మధ్య అమెరికా చెరకు తోటల్లో కనిపిస్తుంది. మూడు చోట్లా రోగులు పేదలే, మందు కొనే శక్తి లేనివాళ్లే, అందుకే ప్రైవేటు పరిశోధన ఇటు చూడదు. ఇది ముప్ఫై నలభై సెకన్లలో చెప్పొచ్చు. ఊరి పేరు విని జడ్జి ఒప్పుకోడు, ఊరి వెనకున్న కారణం విని ఒప్పుకుంటాడు. అలాగే అభివృద్ధికీ పర్యావరణానికీ మధ్య మోషన్ వస్తే 2010లో సోంపేట బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ కేంద్రానికి వ్యతిరేకంగా సాగిన పోరాటం ఉంది. వలసల మోషన్‌కు మన తీరం నుంచి గుజరాత్ వేరావల్‌కు వెళ్లే మత్స్యకారులున్నారు. ఒక్కోదానికి ఒక అరపేజీ తయారుగా ఉంచండి.

నవంబరు, డిసెంబరుల్లో ఆన్‌లైన్ పోటీల్లో కనీసం మూడింటిలో ఆడండి. ఫలితాలూ గది కేటాయింపులూ చాలా పోటీలు ట్యాబీక్యాట్ అనే సాఫ్ట్‌వేర్‌లో పెడతాయి, ప్రతి ఒక్కరికీ సొంత లింకు ఇస్తారు. అది వాడటం ఇక్కడే అలవాటైపోతుంది.

సామాను

చలి దేశానికి వెళ్తుంటే ఒక్క మందపాటి కోటు సరిపోతుందని అనుకోకండి. లోపల థర్మల్, మీద స్వెటర్, దానిమీద గాలి దూరని కోటు. గదుల్లో వేడి పెడతారు కాబట్టి ఒక్కొక్క పొర విప్పుకునేలా ఉండాలి. చెప్పులు కాదు, మూసి ఉన్న బూట్లు, ఉన్ని మేజోళ్లు. బూట్లు నెల రోజుల ముందే కొని ఇక్కడే నడిచి అలవాటు చేసుకోండి.

పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, చెకిన్ సామానులో పెడితే పెట్టె ఆపేస్తారు. ఆవకాయ, నెయ్యి లాంటివి చేతి సంచిలో రానివ్వరు. చెకిన్‌లో పెట్టినా మూత మీద టేపు, దానిమీద రెండు జిప్ కవర్లు ఉండాల్సిందే. ఎండు కొబ్బరి విమానానికే తీసుకెళ్లొద్దు, నూనె ఎక్కువ ఉండి మండే గుణం ఉన్న సరుకు కింద లెక్క. యూఏఈ, సింగపూర్ మీదుగా వెళ్లేవాళ్లు గసగసాలు, గసగసాలు వేసిన మసాలా పొడులు ముట్టుకోవద్దు, అక్కడ అవి నిషిద్ధ వస్తువులు. అమ్మ కట్టిచ్చిన పొడుల డబ్బాలు ఒకసారి అడిగి చూసుకోండి. మందులు డాక్టరు చీటీతో, వాటి అట్టల్లోనే. జంతికలు, వేయించిన అటుకులు, పులిహోర పొడి సాఫీగా వెళ్తాయి, రౌండ్ల మధ్య ఆకలికి అవే దిక్కు. ఇతర జట్లకు ఇవ్వడానికి పలాస జీడిపప్పు ప్యాకెట్ల కంటే పొందూరు ఖాదీ రుమాళ్లు నయం. బరువు ఉండదు, కొన్ని దేశాల్లో తిండి పదార్థాలకు ఉండే కస్టమ్స్ ఇబ్బంది ఉండదు.

ప్లగ్గు అడాప్టరు దేశాన్ని బట్టి. యూరప్‌లో ఎక్కువ చోట్ల మన సన్న రెండు పిన్నుల చార్జరు పడుతుంది. బ్రిటన్, మలేషియా, సింగపూర్‌లలో చదరపు మూడు పిన్నులు.

ప్రయాణం

శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ ఆమదాలవలసలో ఉంది, పట్నం నుంచి అక్కడికి వెళ్లడానికే అరగంట పట్టొచ్చు. శ్రీకాకుళం నుంచి విశాఖ సుమారు 110 కిలోమీటర్లు, విజయనగరం నుంచి 60. జాతీయ రహదారి మీద సాఫీగా సాగినా విమానానికి కనీసం ఆరేడు గంటల ముందు శ్రీకాకుళంలో బయల్దేరండి. టికెట్ మీద విమానాశ్రయం పేరు చదవండి. పాత విశాఖ విమానాశ్రయం వేరు, భోగాపురం విమానాశ్రయం వేరు. హైదరాబాద్ నుంచి విమానమైతే ముందు రోజే చేరుకోండి.

తిరుగు ప్రయాణం జనవరి మొదటి వారంలో పడితే సంక్రాంతి రద్దీ మొదలవుతుంది. రైలు ముందస్తు రిజర్వేషన్ 2024 నవంబరు నుంచి 60 రోజులకు తగ్గింది. హైదరాబాద్ నుంచి మన వైపు రైళ్లు తెరిచిన రోజు పొద్దున్నే నిండిపోతాయి. అందుకే నవంబరు మొదటి వారం అన్నాం.

ప్రతి ఒక్కరి దగ్గర రెండు సెట్ల జిరాక్సులు ఉండాలి: పాస్‌పోర్టు, వీసా, ఇన్సూరెన్సు, ఆహ్వానం, తిరుగు టికెట్. ఒక సెట్టు చేతి సంచిలో, ఇంకోటి పెట్టెలో. ఇమిగ్రేషన్‌లో ఎందుకు వెళ్తున్నారంటే 'డిబేట్ పోటీకి, ఫలానా యూనివర్సిటీలో, ఫలానా తేదీ దాకా' అని సూటిగా చెప్పి ఆహ్వానం చూపించండి. పాస్‌పోర్టు పోతే ముందు స్థానిక పోలీసు ఫిర్యాదు, తర్వాత భారత రాయబార కార్యాలయం. తిరిగి రావడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. ఆ కార్యాలయం నంబరు కాగితం మీద రాసి పెట్టుకోండి, ఫోనులో మాత్రమే ఉంటే ఫోనూ పోయినప్పుడు దారి ఉండదు.

అక్కడికి వెళ్లాక

వీలైతే రెండు రోజుల ముందు దిగండి. యూరప్ మనకంటే నాలుగైదు గంటలు వెనక. శరీరం రోజుకు దాదాపు ఒక గంట చొప్పున సర్దుకుంటుంది. మొదటి రోజు సాయంత్రం ఆరింటికే నిద్ర ముంచుకొస్తుంది, పడుకుంటే తెల్లవారుజామున రెండింటికి లేచి కూర్చుంటారు. స్థానిక సమయం తొమ్మిదయ్యే దాకా నడుస్తూ ఉండండి.

భోజనం ఫారంలో 'శాకాహారం' అని మాత్రమే రాస్తే గుడ్డు, ఒక్కోచోట చేప కూడా వస్తాయి. గుడ్డు వద్దు, చేప వద్దు అని విడిగా రాయండి. చల్లని పొడి గాలికి గొంతు త్వరగా పట్టేస్తుంది. రౌండుకు ముందూ వెనకా గోరువెచ్చని నీళ్లు తాగండి, విందుల్లో పాటలకు గట్టిగా అరవకండి.

రోజుకు మామూలుగా మూడు రౌండ్లు. మొదటి ఆరింటి ఫలితాలు ప్రతి రౌండు తర్వాత చెప్తారు, ఆఖరి మూడూ మూసిన రౌండ్లు, బ్రేక్ ప్రకటించేదాకా తెలియవు. జడ్జి తీర్పు చెప్తున్నప్పుడు వాదించకండి. రాసుకోండి, తర్వాత బయట మర్యాదగా అడగండి. 'తర్వాతి రౌండుకు ఏం మార్చుకోవాలి' అని అడిగితే పనికొచ్చే మాట చెప్తారు. ఎవరైనా అవమానకరంగా మాట్లాడితే ఈక్విటీ బృందానికి చెప్పండి, వాళ్లున్నదే అందుకు. ఓడిన రాత్రి లెక్చరర్ జట్టును కూర్చోబెట్టి తప్పులు లెక్కపెట్టకూడదు. ఆ పని విమానం ఎక్కాక చాలు, ఆ రాత్రికి నిద్రే కావాలి.

బోర్డింగ్ పాసులు పారేయకండి. రెండు వైపులవీ, ఫారెక్స్ రసీదులూ, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టిన బ్యాంకు స్లిప్పూ, టాక్సీ బిల్లులూ ఒకే కవరులో పెట్టి, దిగిన వారంలోపు కాలేజీ అకౌంట్స్ విభాగానికి ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోండి. బిల్లులు సరిగ్గా అందిన కాలేజీ వచ్చే జూన్‌లో జట్టు ఎంపికకు అడ్డు చెప్పదు. అరపేజీల ఫైలు, జడ్జీలు చెప్పినవి రాసుకున్న నోటుబుక్కు రెండూ డిబేట్ క్లబ్ అలమరలో పెట్టి తాళం జూనియర్లకు ఇవ్వండి.